బెర్నడెట్ హెచ్చరికల పెట్టె

ఈస్టరుకు ముందరి నలభై రోజుల ఉపవాస కాలంలో ఆరో శుక్రవారం నాడు మా చర్చి నేలమాళిగలో నూట నలభై మూడు చేప ముక్కలు మిగిలిపోయాయి. అమెరికాలో మా ఊరు బఫెలోలో ఆ శుక్రవారాల్లో మాంసం ముట్టరు. వేయించిన చేప కోసం మంచులో కూడా వీధి మలుపుదాకా వరస కడతారు. అలాంటిది ఆ సాయంత్రం ఆరింటికి వచ్చినవాళ్ళు పదకొండుమంది. అందులో ఇద్దరు ఫాదర్ గారి అన్నదమ్ములు. పిండి జారుగా కలిపి, నూనె కాచి, క్యాబేజీ తరుగు గిన్నెలకెత్తి నిలబడ్డ ఆడవాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. చివరికి వంటగది పెద్ద మిసెస్ స్టెల్లా ప్రుసాక్ కళ్ళజోడు సవరించుకుని ఫోను తెరిచింది. వారం వారం మేం ప్రకటన వేసే సైటులో, మా ప్రకటన ఉండాల్సిన చోట ఒకే ఒక వాక్యం ఉంది: "నియమాలను ఉల్లంఘించినందున ఈ ప్రకటన తొలగించబడింది."

ప్రకటనలో ఉన్నది వేయించిన చేప, బంగాళాదుంప అట్టు, ముందుగా చెప్పి ఉంచడానికి ఒక ఫోన్ నంబరు. చేప మీద సైటువాళ్ళకి అభ్యంతరమేమీ లేదు. నంబరు బెర్నడెట్ షిమాన్స్కీది.

బెర్నడెట్‌కి అప్పటికి యాభై మూడేళ్ళు. పొట్టిగా, గట్టిగా, శీతాకాలం బూట్లను మే నెలదాకా విప్పని మనిషి. పదహారేళ్ళు, పొద్దున పాలల్లో వేసుకుని తినే సీరియల్ అటుకుల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు ఎత్తి, నడుము పోగొట్టుకుని, మేనేజరు సంతకం కూడా అచ్చువేసిన ఒక ఉత్తరం పుచ్చుకుని బయటికొచ్చింది. ఆ పైన ఇంటర్నెట్టులో, మేం చేపల ప్రకటన వేసే సైటులోనే ఇంకో విభాగంలో ప్రకటన వేసి, మగవాళ్ళతో పడకపంచుకునే పనికి దిగింది. దానికి ఆవిడ ముద్దుపేర్లేమీ పెట్టలేదు.

"ఒళ్ళమ్ముకోవడం అంటారు టీవీలో," అనేది. "ఒళ్ళు రోజూ నాతోపాటే ఇంటికొస్తోందిగా! నేను అమ్మేది గంట. ఫ్యాక్టరీవాడికే నిజంగా నడుము అమ్మింది, అది మళ్ళీ తిరిగి రాలేదు."

మా పేటలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, తెలుసని ఒప్పుకున్నవాళ్ళూ లేరు. చర్చి ఆర్డర్లు ఆవిడ ఫోనుకే పెట్టడానికి కారణం ఒక్కటే. అవతలివాడు అబద్ధమాడుతున్నాడో లేదో ఊపిరిని బట్టి చెప్పగల మనిషి మాలో ఇంకొకరు లేరు. ఇరవై చేపలు చెప్పి రానివాణ్ణి ఆవిడ "హలో" దగ్గరే పట్టేసేది.

ఆ నేర్పు పనిలోంచి వచ్చింది. కొత్తవాడు ఎవడైనా సరే, ముందు పేరు చెప్పాలి, పనిచేసే చోటు చెప్పాలి. అంతకుముందు తను కలిసిన ఇద్దరు ఆడవాళ్ళ మాట తేవాలి. బెర్నడెట్ అతని ఆఫీసుకి ఆసుపత్రి గుమాస్తా గొంతుతో ఫోను చేసి, అలాంటి మనిషి అక్కడ ఉన్నాడని తేల్చుకునేది. ఆ ఇద్దరు ఆడవాళ్ళనీ అడిగేది. అన్నిటికన్నా ముఖ్యం, అదే సైటులో ఈ పని చేసే ఆడవాళ్ళకి మాత్రమే కనబడే ఒక పేజీ ఉండేది. కొట్టినవాడు, గొంతు పట్టుకున్నవాడు, తలుపుకి అడ్డం నిలబడ్డవాడు, వీళ్ళందరి బండి రంగు, మాటతీరు, నంబరు అందులో రాసుకునేవాళ్ళు. పదకొండేళ్ళలో నాలుగు వందల పైచిలుకు హెచ్చరికలు చేరాయి. ఊరి పోలీసుల దగ్గర అందులో నాలుగో వంతు సమాచారం కూడా ఉండి ఉండదు. ఈ ఆడవాళ్ళు పోలీసుల దగ్గరికి వెళితే మొదట ఎవరి చేతికి బేడీలు పడతాయో అందరికీ తెలిసిందే.

ఆ వారంలోనే వాషింగ్టన్‌లో పెద్దమనుషులు ఒక చట్టం నెగ్గించారు. ఆడపిల్లల్ని ఎత్తుకొచ్చి అమ్మే దుర్మార్గానికి తెలిసి తెలిసి చోటిచ్చిన సైటు మీద బాధితులు నష్టపరిహారానికి దావా వెయ్యొచ్చు, ప్రభుత్వ వకీళ్ళూ వెయ్యొచ్చు. ఆ మాటని ఎవరు కాదంటారు? పెద్దమనుషులు ఒకరి భుజాలు ఒకరు చరుచుకున్నారు. ఒకాయన కెమెరా ముందు కళ్ళు కూడా ఒత్తుకున్నాడు. కానీ సైటువాళ్ళ వకీళ్ళు చదివింది బాధితుల గురించి కాదు, "తెలిసి" అన్న మాట గురించి. తెలిస్తే దావా పడుతుందట. అయితే తెలుసుకోకపోతే సరి! అమ్మేవాడెవడు, తన పని తాను చేసుకునే ఆడదెవరు అని విడదీసి చూడాలంటే మనుషులు కావాలి, తీరిక కావాలి, కాస్త బుర్ర కావాలి. తుడిచెయ్యడానికి ఒక మీట చాలు. ఒక్క రాత్రిలో ఆ ప్రకటనలన్నీ పోయాయి, వాటిలో ఎప్పుడైనా కనబడిన ప్రతి నంబరూ పోయింది, దాంతోపాటు మా చేపలూ పోయాయి. ఆడవాళ్ళని కాపాడే చట్టం భయానికి, ఆడవాళ్ళు తమని తాము కాపాడుకోవడానికి రాసుకున్న పేజీ కూడా పోయింది.

చేపల సంగతి తేలాక బెర్నడెట్ మిసెస్ స్టెల్లాకి క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత సోమవారం పొద్దున్నే చర్చి వంటగదిలో కూర్చుని, స్పీకరు పెట్టి, సైటు ఆఫీసుకి ఫోను చేసింది. నలభై నిమిషాల సంగీతం తర్వాత ప్రెస్కాట్ అనే కుర్రగొంతు పలికింది.

"ఆ విభాగం ఇప్పుడు లేదు మేడమ్."

"విభాగం నాకెందుకు నాయనా. అందులో మేం రాసుకున్న హెచ్చరికలున్నాయి. అవి పంపించు, చాలు."

"పంపిస్తే అవి మా దగ్గర ఉన్నట్టవుతుంది మేడమ్."

"లేవా?"

"ఉన్నాయో లేవో చూడాలి. చూస్తే చూసినట్టవుతుంది."

"చూస్తే ఏం? కళ్ళు పోతాయా?"

"చూస్తే తెలుస్తుంది మేడమ్. తెలిస్తే మాకు బాధ్యత వస్తుంది. తెలియకుండా ఉండమని మా లీగల్‌వాళ్ళ ఆదేశం."

"అయితే ఏమీ తెలియకుండా కూర్చోవడానికి నీకు జీతమిస్తున్నారన్నమాట."

"మీకు ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"

"ఇంకేమైనానా! అప్పుడే ఏదో చేసేసినట్టు!"

మిసెస్ స్టెల్లా కత్తిపీట ఆపి ఇదంతా విన్నది. డెబ్బయ్యారేళ్ళ మనిషి. బెర్నడెట్‌ని ఆ పని గురించి ఏనాడూ ఏమీ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. "పోయినవి నీకు ఎన్ని గుర్తున్నాయే?" అంది.

"నాకా? ఓ ముప్పై. మిగతావి మిగతావాళ్ళ బుర్రల్లో ఉంటాయి."

"ఈస్టరుకి రేపు పియెరోగీలు ఒత్తాలి. ఆరువందలు. నాకు చేతులు తక్కువ. మిగతావాళ్ళని తీసుకురా."

మంగళవారం ఏడుగురు వచ్చారు. తలుపు దగ్గర బిడియంగా నిలబడితే, మిసెస్ స్టెల్లా వాళ్ళని ఒకే ఒక ప్రశ్న అడిగింది: "చేతులు కడుక్కున్నారా?" కడుక్కున్నవాళ్ళందరికీ ఏప్రన్లిచ్చింది. పియెరోగీలంటే కజ్జికాయల్లాగే మడిచి అంచు నొక్కడం, లోపల మాత్రం బంగాళాదుంపా జున్నూ. చేతులు ఆడుతుంటే నోళ్ళు వాటంతట అవే విచ్చుకున్నాయి. వంటల తీరు రాసి దాచుకునే తన పెట్టెలోంచి రాయని కార్డుల కట్ట తీసి బెర్నడెట్ ముందు పెట్టి, "ఇవి మాయమవుతాయా?" అంది మిసెస్ స్టెల్లా.

"నువ్వు పొయ్యిలో వేస్తే తప్ప లేదు."

ఒక్కొక్కరు చెబుతుంటే బెర్నడెట్ రాసింది. నీలం వ్యాను, నోట్లో పుల్ల. పెళ్ళిఉంగరం తీసి జేబులో వేసుకుని ఏడ్చేవాడు, ఏడుపయ్యాక కొట్టేవాడు. వింటున్న మాకు పిండి చేతికి అంటుకుపోతోంది. ఆ ఏడుగురిలో అందరికన్నా చిన్నది యెసేనియా, ఇరవై తొమ్మిదేళ్ళది, పనిలోకొచ్చి ఏడాది కాలేదు. తనే అంచులు అందరికన్నా వంకరగా నొక్కుతోంది.

"నాకు గురువారం మధ్యాహ్నం ఒకతను ఉన్నాడు," అంది, తల ఎత్తకుండా. "ప్రకటన పోయాక వచ్చిన ఒకే ఒక్క ఫోను. పళ్ళ డాక్టరట."

"ఇద్దరి మాట తెచ్చాడా?" అంది బెర్నడెట్.

"అడిగాను. నవ్వాడు. మీకు ఇప్పుడు ఏరుకునే రోజులా, అన్నాడు."

"చూశావా! వాషింగ్టన్‌లో వాళ్ళకి తెలియనిది వీడికి అప్పుడే తెలిసిపోయింది." బెర్నడెట్ పెన్ను కింద పెట్టింది. "పళ్ళ డాక్టరు... ఆ పేజీలో ఎక్కడో చదివాను. మెత్తగా మాట్లాడతాడని ఉంది. తర్వాత ఏముందో రావట్లేదు. ఛీ, నా బుర్ర!"

"వెళ్ళనా వద్దా బెర్నీ?"

"తెలియకుండా నేనేం చెప్పను తల్లీ?"

బల్ల చివర అప్పటిదాకా నోరు విప్పని రోక్సాన్ అనే ఆవిడ గిన్నె పక్కకి జరిపింది. నలభై దాటిన మనిషి, మెడ చుట్టూ ఎప్పుడూ రుమాలు కట్టుకునేది.

"నువ్వు చదివింది నేను రాసిందే," అంది. "డాక్టరూ కాదు పాడూ కాదు. వెండిరంగు ట్రక్కు. ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది. ముందు గడియ వేస్తాడు, తర్వాత గొంతు పట్టుకుంటాడు. నంబరు చివర నాలుగు అంకెలు ఆరు, రెండు, తొమ్మిది, తొమ్మిది. నాలుగేళ్ళయింది, మర్చిపోదామన్నా పోవట్లేదు."

యెసేనియా పిండి చేత్తోనే ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తెర మీద పిండి తుడిచి చూశాం. ఆరు, రెండు, తొమ్మిది, తొమ్మిది.

మిసెస్ స్టెల్లా శిలువ గుర్తు వేసుకుంది. ఆ తర్వాత పోలిష్‌లో ఒక మాటంది. దాని అర్థం నాకు తెలుసు, చర్చిలో అనే మాట మాత్రం కాదు.

గురువారం మధ్యాహ్నం యెసేనియా అతను రమ్మన్న మోటెల్‌కి వెళ్ళలేదు. వంటగదిలో మా మధ్యనే కూర్చుని, ఉడికిన పియెరోగీల మీద వెన్న రాస్తూ ఉంది. "ఆవిడ రాదు" అని అతనికి బెర్నడెట్ తన ఫోను నుంచే మెసేజ్ పెట్టింది, అదీ అనుకున్న టైము దాటి గంటన్నర అయ్యాక. నిమిషంలో ఫోను మోగింది. మళ్ళీ స్పీకరు. మెత్తటి గొంతే, కాకపోతే ఆ మెత్తదనం కింద పళ్ళు నూరుతున్న చప్పుడు.

"పని మానుకుని వచ్చి గంటన్నర కూర్చున్నాను. ఇదేనా మీ పద్ధతి? నా టైముకి విలువ లేదా? నాకు జరిగిన ఈ నష్టానికి ఎవరు బాధ్యులు?"

బెర్నడెట్ పెట్టెలోంచి అతని మీద రాసిన కార్డు తీసి, పెన్ను మూత నోటితో లాగింది.

"దావా వెయ్యండి డాక్టరుగారూ, మీ అసలు పేరూ ఇంటి అడ్రసూ రాసుకోవడానికి ఇక్కడ చోటు అట్టేపెట్టాను."