చుక్కలు ఎల్‌గా మారిన వేసవి

1999 వేసవి. గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్మీడియట్ గైడ్లు వేసే ఒక ప్రచురణ సంస్థలో డీటీపీ విభాగం నా చేతిలో ఉండేది. డీటీపీ అంటే కంప్యూటర్ మీద పుస్తకం పేజీలు కట్టే పని. మేడమీద పొడవాటి గది, రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్, ఒక ఏసీ. "ఏసీ మిషన్లకయ్యా, నీక్కాదు" అనేవారు మా యజమాని కోటేశ్వరరావుగారు. కిటికీ తీస్తే యార్డుకు పోయే మిర్చి లారీల ఘాటు లోపలికి వచ్చేది. ఆ సీజనులో మా వీధిలో తుమ్మని మనిషి ఉండడు.

ఆ ఏడాది మేము చేపట్టిన ముఖ్యమైన పుస్తకం తెలుగు మీడియం లెక్కల గైడు. రాసింది మేరీ సుశీలగారు, చీరాలలో జూనియర్ లెక్చరర్. ఆవిడ క్లాసులో సగం మంది వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలు. కోచింగుకు పోయే స్థోమత లేనివాళ్ళు. అందుకని ఆవిడ ప్రతి లెక్కకూ ప్రతి స్టెప్పూ రాసి, ఆ స్టెప్పు ఎందుకు వేశామో పక్కనే ఒక మాటలో కారణం రాశారు. బజారులో ఉన్న ఏ గైడులోనూ అది లేదు. ఆ పుస్తకం ప్రాణం ఆ స్టెప్పుల్లోనే ఉంది.

పని ఎలా జరిగేదో చెప్పాలి. ఆ రోజుల్లో మేము తెలుగు పేజీలు కట్టింది పేజ్‌మేకర్‌లో. అందులో సమీకరణం రాసే ఏర్పాటు లేదు. వర్డ్‌లో ఈక్వేషన్ ఎడిటర్ అనే పనిముట్టు ఉండేది. భిన్నాలు, వర్గమూలాలు, సమాకలనులు అందులో చక్కగా వచ్చేవి. కాబట్టి లెక్కను వర్డ్‌లో రాసి, కాపీ చేసి, పేజ్‌మేకర్‌లో తెలుగు వాక్యం మధ్య అతికించాలి. అతికించాక అది బొమ్మ లాంటిది. వరుసలో కూర్చోదు, కాస్త పైకో కిందికో జారుతుంది. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని సర్దాలి. ఇదంతా మొదటి మిషన్ మీద చేసేవాళ్ళం. ప్రింటర్ తగిలించింది రెండో మిషన్‌కు. అందులో పేజ్‌మేకర్ మాత్రమే ఉండేది, వర్డ్ లేదు. పేజీ తెరవడం, ప్రింట్ కొట్టడం, అంతే దాని పని. ఆ తెర మీద పేజీని చదివేవాళ్ళు ఎవరూ లేరు.

మొదటి ప్రూఫులు చూసి సుశీలగారు ఫోన్ చేశారు.

"భాస్కర్ గారూ, ఒకటి ప్లస్ రెండు ప్లస్ మూడు ప్లస్ ఎల్ ప్లస్ ఎన్ అని వచ్చింది. ఈ ఎల్ ఎవరండీ?"

"అక్కడ మూడు చుక్కలుండాలి మేడం."

"ఉండాలి. లేవు. సదిశల మీద బాణం గుర్తులు కూడా లేవు. బాణం ఉండాల్సిన చోట చిన్న ఆర్ కూర్చుంది."

మొదటి మిషన్ తెర మీద చూశాను. చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి, బాణాలు బాణాల్లాగే ఉన్నాయి. ప్రింట్ కొడితే ఎల్, ఆర్. మళ్ళీ కొడితే మళ్ళీ అవే. పేజీ మొత్తం చెరిపి కొత్తగా అతికించినా అవే.

సంగతి కోటేశ్వరరావుగారికి తెలిసింది. ఆయన మంచి మనిషి, పని తెలిసిన మనిషి. కాని ప్రతి అమావాస్యకూ మానిటరుకు నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టించే మనిషి. గుంటూరులో మిరపకాయలకు కొదవా! నేనేమో చిన్నప్పటినుంచి మా నాన్న వెంట హేతువాదుల చర్చాసభలకు తిరిగినవాణ్ణి. వేదిక మీద నిలబడి జ్యోతిష్యం మీద, ముహూర్తాల మీద వాదించి వచ్చినవాణ్ణి. మా ఇద్దరికీ రోజుకొక తగాదా ఉండేది.

మర్నాడు ఆయన వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. సిద్ధాంతి గది నాలుగు మూలలూ తిరిగి, అరచేతిలో దిక్సూచి పెట్టుకుని, తల ఊపాడు.

"లెక్కలు చేసే మిషన్ దక్షిణానికి చూస్తోంది. యమస్థానం. అక్కడ అక్షరం నిలవదు."

"ఎల్ నిలిచిందిగా" అన్నాను.

"నువ్వూరుకో నాస్తికుడా" అన్నారు కోటేశ్వరరావుగారు.

మొదటి మిషన్ ఈశాన్యానికి జరిగింది, తూర్పుకు తిరిగింది. కొత్త నిమ్మకాయ వేలాడింది. కొబ్బరికాయ కొట్టారు. ప్రింట్ ఇచ్చారు.

చుక్కలు వచ్చాయి. బాణాలు వచ్చాయి. ఎల్ లేదు, ఆర్ లేదు.

కోటేశ్వరరావుగారు ఆ కాగితాన్ని నా ముఖం ముందు ఊపారు. "ఏవయ్యా, ఇప్పుడేమంటావ్?"

"కాకతాళీయం అంటాను."

"కాకి వాలడం, పండు పడడం! సరే, కాకి కాకపోతే పండు ఎందుకు పడిందో చెప్పు మరి. కారణం చెప్పు!"

నా దగ్గర కారణం లేదు. ఎదుటివాడి నమ్మకం తప్పని చెప్పడం ఒక ఎత్తు, జరిగిందేమిటో చెప్పడం ఇంకో ఎత్తు. రెండోది చేతకాకపోతే మొదటిది ఉత్త నోటి గొప్ప. 

ఆయన ఉత్సాహం ఎక్కువ రోజులు నిలవలేదు. మొదటి విడత పేజీలను ఫ్లాపీల్లో వేసి విజయవాడ పంపాం. అక్కడ పేజీలను పారదర్శకమైన ఫిల్ము మీదికి దించే మిషన్ ఉండేది. ఆ ఫిల్ముతోనే అచ్చు ప్లేట్లు చేస్తారు. ఫిల్ము తిరిగి వచ్చింది. కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూస్తే ప్రతి శ్రేణిలోనూ ఎల్, ప్రతి సదిశ నెత్తిన ఆర్.

"విజయవాడ వాళ్ళ మిషన్ ఏ దిక్కుకు చూస్తోందో కనుక్కోండి సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. కాలేజీలు తెరిచే రోజులు దగ్గర పడుతున్నాయి. సుశీలగారిని చీరాల నుంచి పిలిపించారు. నా ఎదురుగానే చెప్పారు.

"అమ్మా, ఈ స్టెప్పులతో మనం వేగలేం. గణితానుగమనం, సదిశలు, ఈ రెండు చాప్టర్లలో స్టెప్పులు తీసేద్దాం. లెక్క ఇద్దాం, జవాబు ఇద్దాం. మిగతా గైడ్లన్నీ అట్టాగే అమ్ముడవుతున్నాయి కదా."

ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. "జవాబుకయితే గైడెందుకు సార్? పరీక్ష హాల్లో ముందు బెంచీ పిల్ల పేపర్లోకి తొంగిచూస్తే సరిపోతుంది" అన్నారు. "స్టెప్పులు తీస్తే నా పేరు కూడా తీసెయ్యండి."

"ఎల్లుండి దాకా ఆగుతా. తర్వాత నా ఇష్టం" అని ఆయన కిందికి దిగిపోయారు.

ఆవిడ వెళ్ళలేదు. ఫిల్మునూ మొదటి ప్రూఫులనూ పక్కపక్కన పరిచి కూర్చున్నారు. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్రపెన్నుతో సున్నాలు చుడుతూ పోయారు. నేను ఫాంట్లు మార్చి చూస్తున్నాను, వైర్లు మార్చి చూస్తున్నాను. కాసేపటికి పిలిచారు.

"చూడండి. చుక్కలు రెండు రకాలు. ప్లస్ గుర్తుల మధ్య నడిమి ఎత్తులో వేసేవి ఒకటి, కామాల మధ్య కిందుగా వేసేవి ఒకటి. నడిమి చుక్కలన్నీ ఎల్ అయ్యాయి. కింది చుక్కలన్నీ కె అయ్యాయి. బాణాలన్నీ ఆర్ అయ్యాయి. పుస్తకం మొత్తం మీద ఒక్కచోట కూడా తారుమారు కాలేదు."

"అయితే?"

"అయితే ఇది ప్రమేయమండీ, ఫంక్షన్. ఒక్కో గుర్తుకు ఒక్కటే అక్షరం. క్లాసులో మొదటి పాఠం. ఇంకో సంగతి, వర్గమూలాలు చెడలేదు, సమాకలనులు చెడలేదు. ఏ దోషమైనా వర్గమూలాన్ని వదిలేసి చుక్కల్నే ఎందుకు పట్టుకుంటుంది?"

నా బుర్రలో దీపం వెలిగింది. దెయ్యానికి ఇంత క్రమశిక్షణ ఉండదు! గుర్తుకు అక్షరం లెక్కన ఎక్కడో ఒక పట్టిక ఉంది. కంప్యూటర్‌లో అలాంటి పట్టికకు పేరు ఫాంట్. కీబోర్డు మీది ప్రతి అక్షరానికీ ఏ ఆకారం గీయాలో చెప్పేది అదే.

రెండు మిషన్లలోని ఫాంట్ల పేర్లు పక్కపక్కన పెట్టి చదివాం. ఆవిడ ఇటు, నేను అటు. మొదటి మిషన్‌లో ఉండి రెండోదానిలో లేనిది ఒకటి దొరికింది. ఎంటీ ఎక్స్‌ట్రా అనే బుల్లి ఫాంట్. ఈక్వేషన్ ఎడిటర్‌తో పాటు దిగుతుంది. మేము దాన్ని ఎప్పుడూ వాడలేదు, అలాంటిది ఉందనే తెలియదు. దాన్ని తెరిచి చూశాం. ఎల్ ఉండాల్సిన గడిలో నడిమి చుక్కలు. కె గడిలో కింది చుక్కలు. ఆర్ గడిలో బాణం.

"దొరికాడండీ ఎల్!" అని సుశీలగారు బల్ల మీద చరిచారు. మా ఆపరేటర్ పద్మ పరుగున వచ్చింది, ఏదో పేలిందనుకుని.

మామూలు వాక్యాల ఫాంట్ లేకపోతే పేజ్‌మేకర్ తెరవగానే నిలదీస్తుంది. అతికించిన సమీకరణం దానికి ఒక బొమ్మ. బొమ్మ లోపల ఏ ఫాంట్ ఉందో అది చూడదు, అడగదు. రెండో మిషన్‌లో ఆ ఫాంట్ లేదు కాబట్టి ఉన్నదేదో తొడిగి అక్షరాన్ని అక్షరంగానే గీసింది. విజయవాడలోనూ అంతే. వర్గమూలాల గుర్తులు వేరే ఫాంట్‌లో ఉంటాయి. అది ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండేదే, అందుకే అవి బతికాయి.

మరి ఈశాన్యంలో ఎలా బాగుపడింది? బల్లలు జరిపినప్పుడు ప్రింటర్ కేబుల్ పొట్టిదై రెండో మిషన్ దాకా అందలేదు. పద్మ దాన్ని తీసి మొదటి మిషన్‌కు తగిలించిందట, ఇప్పుడు అడిగితే చెప్పింది. ఫాంట్ ఉన్న మిషన్ నుంచి ప్రింట్ ఇస్తే రాక ఏం చేస్తుంది?

ఇప్పుడు నా దగ్గర కారణం ఉంది. ఊరికే చెబితే ఆయన వినరు. ఆయన్ను పైకి పిలిచాను.

"సార్, పందెం. రెండో మిషన్ నుంచి కొడతాను. దిక్కు మీరు చెప్పండి, వేళ మీరు చెప్పండి. ఎంత చెడ్డవైతే అంత మంచిది. చుక్కలు సరిగ్గా వస్తే మేడం రాసిన స్టెప్పు ఒక్కటి కూడా తీయకూడదు."

ఆయనకు కోపంతో పాటు సరదా కూడా పుట్టింది. పంచాంగం తెప్పించి వర్జ్యం చూశారు. మిషన్‌ను నిక్కచ్చిగా దక్షిణానికి తిప్పించారు. నిమ్మకాయ, మిరపకాయలు నేనే విప్పి పక్కన పెట్టాను. ప్రింటర్‌ను దగ్గరికి జరిపి కేబుల్‌ను మళ్ళీ రెండో మిషన్‌కు తగిలించాను. ఫ్లాపీలో ఫాంట్‌ను తెచ్చి ఆ మిషన్‌లో వేశాను. పద్మ ప్రింట్ మీట మీద వేలు పెట్టి గట్టిగా తుమ్మింది.

"ఆగండాగండి!" అన్నారు కోటేశ్వరరావుగారు. "కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి..."

"ఇంకా మంచిది సార్. కొట్టు పద్మా!"

కాగితం బయటికి వచ్చింది. సుశీలగారు దాన్ని తీసి, తాను చూడకుండానే ఆయన చేతికి ఇచ్చారు. చుక్కలన్నీ చుక్కలే. బాణాలన్నీ బాణాలే.

"దిక్కు ఏదైనా ఇవాళ వచ్చేదేనేమో" అన్నారాయన, నమ్మలేక.

"అట్టాగా! పద్మా, తూర్పుకు తిప్పు. నిమ్మకాయ కట్టు." ఫాంట్ తీసేశాను. మిషన్ ఆపి మళ్ళీ వేశాను. "ఇప్పుడు దేవుడు, దిక్కు అన్నీ మీవైపే ఉన్నాయి సార్. మీరే కొట్టండి."

ఆయనే కొట్టారు. ఎల్. కె. ఆర్. మళ్ళీ ఫాంట్ వేశాను, మళ్ళీ దక్షిణానికి తిప్పాను. చుక్కలు.

ఆయన మూడు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. "అయితే సిద్ధాంతిగారు వచ్చిన రోజు ఎట్టా వచ్చింది?"

కేబుల్ సంగతి చెప్పాను.

"ఓరి నీ! కొబ్బరికాయ కొట్టి నేను జరిపించింది కేబులా!" అని ఆయన కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. అందరం నవ్వాం. తర్వాత లేచి సుశీలగారితో అన్నారు: "అమ్మా, స్టెప్పులన్నీ ఉంటాయి. ఇంకా ఏమైనా మిగిలితే అవీ రాయండి."

విజయవాడకు ఆ ఫాంట్ తీసుకుని నేనే వెళ్ళాను. అక్కడి మిషన్‌లో వేయించి, ఫిల్ము దిగుతుంటే పక్కనే నిలబడ్డాను. తడి ఆరని ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒకటి, రెండు, మూడు, తర్వాత నల్లటి మూడు చుక్కలు, ఆ తర్వాత ఎన్. అంత అందమైన చుక్కలను నేను మళ్ళీ చూడలేదు.

కాలేజీలు తెరిచేలోపు గైడు బజారులోకి వచ్చింది. కొన్నాళ్ళకు సుశీలగారు ఫోన్ చేశారు. గొంతులో పండగ. సదిశల చాప్టర్లో ఒక లెక్కకు తాను వేసిన దారి చుట్టూ తిరిగిందని, రెండు స్టెప్పులు అనవసరమని క్లాసులో ఒక అమ్మాయి లేచి నిలబడి చెప్పిందట. బోర్డు దగ్గరికి వచ్చి చేసి చూపించిందట.

"మరి మీరేమన్నారు మేడం?"

"రెండో ముద్రణలో మార్చండి అంటున్నాను."

ఆ తర్వాత వేదికల మీద చాలా వాదాలు గెలిచాను. ఓడినవాళ్ళు ముఖం ముడుచుకుని వెళ్ళేవాళ్ళు, వాళ్ళ నమ్మకాన్ని కూడా వెంట తీసుకునే వెళ్ళేవాళ్ళు. ఓడినాయన కడుపుబ్బ నవ్విన వాదం నాకు ఇదొక్కటే. అక్కడ నేను ఉపన్యాసం ఇవ్వలేదు. తప్పును రమ్మంటే వచ్చింది, పొమ్మంటే పోయింది. ఆ మీట ఆయన చేతనే నొక్కించాను. కారణం తెలుసునని చెప్పుకునే మనిషికి ఈ ఒక్క పరీక్ష చాలు. ఇక ఆ అమ్మాయి సంగతి. పుస్తకంలో జవాబు మాత్రమే ఉంటే దాన్ని నమ్మడం తప్ప చేయగలిగింది లేదు. స్టెప్పు ఉంటేనే పుస్తకం రాసిన లెక్చరర్‌తో కూడా తగాదా పెట్టుకోవచ్చు.