మా మేనత్త కూర్చున్న అరుగు

మా మేనత్త మొన్న శుక్రవారం పొద్దున్న కాలం చేసింది. మామూలు జ్వరమే అనుకున్నాం. బరంపురంలో మా వీధి దాటితే ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువ. ఎరిగినవాళ్ళలో చాలామందికి చదువు రాదు. అందుకని నేను రాస్తున్నాను.

ఆమె నాన్నగారికి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మాది ముందు బట్టల కొట్టు, వెనక కాపురం. కొట్టు ముందు పొడవాటి అరుగు. ఇల్లు లేనివాళ్ళు దాని మీద తలదాచుకునేవాళ్ళు. ఋషికుల్య పొంగి గుడిసెలు పోగొట్టుకున్న గంజాం వైపు వాళ్ళు, గోపాలపురం రేవులో రంగూన్ ఓడ అందక తిరిగొచ్చినవాళ్ళు. ఒరియావాళ్ళు అత్తను మావుసీ, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్ళు. వాళ్ళను చూసి తెలుగువాళ్ళూ అలాగే పిలిచేవాళ్ళు.

మా బజారులో తెల్లవారేసరికి వాకిట కళ్ళాపి పడాలి. చాలా ఇళ్ళవాళ్ళు ఆ పేడనీళ్ళు అరుగుల మీద కూడా కొట్టి, పడుకున్నవాళ్ళను లేపేసేవాళ్ళు. అత్త మాత్రం వాళ్ళు లేచేదాకా బిందె పక్కన పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు ఎదురింటావిడ వేళాకోళం చేసింది.

"ఏటొదినా, మీ సత్రంలో ఇంకా తెల్లారలేదేటి? లక్ష్మి వచ్చి ఎల్లిపోనాది."

"ఎల్లదులే. మనుషులు పడుకున్నారని సూసి, మెల్లగా దాటుకుని లోపలికొస్తాది," అంది అత్త.

సాయంత్రం ఆమె అరుగు మీద గంజి, అన్నం పెట్టేది. నేను కాన్వెంటు నుంచి రాగానే పుస్తకం పట్టుకుని మూల వెతుక్కునేదాన్ని. అత్త పుస్తకం లాక్కునేది కాదు. గిన్నె నా పక్కన పెట్టి, "ఆ పేజీ అయినాక తే," అనేది. కొత్తవాళ్ళతో నాకు మాట పెగలదని ఆమెకు తెలుసు. "మాటాడక్కర్లేదు, కూకుంటే సాలు," అనేది. వడ్డించాక తనూ వాళ్ళ పక్కనే కూర్చునేది. "మనం నిలబడితే తినేవోళ్ళు తలెత్తి సూస్తా తినాల. ముద్ద దిగదు." మనుషుల మధ్య కూర్చోవడం నాకు అలా అలవాటైంది. అది ఆమె పెట్టిన భిక్షే.

కొనడానికి వచ్చేవాళ్ళు మూటలు దాటుకుని రావలసి వస్తోందని నాన్నగారి బాధ. ఒక ఏడు వానలకు ముందు అరుగుకు కటకటాలు బిగించాలని వడ్రంగిని పిలిచారు. అత్త వెళ్ళి అరుగు మధ్యలో కూర్చుంది.

"లెగప్పా, కొలత తీసుకోవాల," అన్నారు నాన్నగారు.

"తీసుకోమను. నన్ను లోపలెట్టి బిగిస్తావా, బయటెట్టి బిగిస్తావా? అదొక్కటీ సెప్పు."

వడ్రంగి మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. నాన్నగారికి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "నువ్వున్నన్నాళ్ళూ ఆ మాటెత్తనులే," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాట అక్కడున్నవాళ్ళందరూ విన్నారు.

శుక్రవారం ఆమెను అరుగు మీదే పడుకోబెట్టాం. ఎవరూ చెప్పకుండానే అక్కడ తలదాచుకున్నవాళ్ళు మూటలు సర్దుకుని దిగిపోయారు. వాళ్ళలో మగవాళ్ళు శ్మశానం దాకా వెనక నడిచారట. సాయంత్రానికి ముసురు పట్టింది. కడిగిన అరుగు చూరు కింద ఆరి, ఖాళీగా ఉంది. వాళ్ళంతా ఎదురింటి చూరు కింద నిలబడి మా ఇంటివైపే చూస్తున్నారు.

నాన్నగారు గుమ్మంలోకి వచ్చారు. "ఆళ్ళు అక్కడున్నారేటి?"

"ఇక కటకటాలు బిగిస్తారనుకుంటున్నారు నాన్నా."

"నాను పిలిస్తే రారు. నువ్వు పిలు," అన్నారు.

వీధిలో గొంతెత్తి నేనెవరినీ పిలిచి ఎరుగను. మొదటిసారి "రండి" అన్నది నాకే వినపడలేదు. మళ్ళీ పిలిచాను.

ముందు ఒక ముసలమ్మ వచ్చింది. అత్తను పడుకోబెట్టిన చోట అడుగు వేయకుండా పక్కనుంచి తిరిగి గోడవారకు వెళ్ళింది. వెనక వచ్చినవాళ్ళూ అలాగే వెళ్ళారు. నాన్నగారు లాంతరు తెచ్చి గుమ్మంలో పెట్టారు. అరుగంతా తడి పాదాల గుర్తులే. మధ్యలో మాత్రం ఒక మనిషి పొడవున నేల పొడిగా ఉంది.