శంషాబాద్‌లో నా పేరు బోర్డు

ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉండగా, ఒక ఫిబ్రవరి నెలలో, ఆర్మూర్‌లోని మా పసుపు వ్యాపార సంస్థ నాకు అంతకుముందెన్నడూ చేయని పని ఒకటి అప్పగించింది. కొచ్చి నుంచి విమానంలో వచ్చే ఒక పరిశీలకురాలిని శంషాబాద్ విమానాశ్రయం నుంచి హైదరాబాద్ నగరంలోని హోటల్‌కు చేర్చడానికి ప్రైవేటు కారు బుక్ చేయడం ఆ పని. అప్పటికి నేను ఎగుమతి పత్రాల విభాగానికి మేనేజర్‌ను. విభాగమంటే నేను, ఒక కంప్యూటరు, ఒక ఇనుప బీరువా.

ఒక్క కారు బుకింగ్‌కు ఇంత ఉపోద్ఘాతం దేనికని పాఠకులకు అనిపించవచ్చు. అంతవరకు మా సరుకు ఇతర రాష్ట్రాల వ్యాపారుల చేతి మీదుగానే విదేశాలకు వెళ్లేది. మొదటిసారి ఒక యూరప్ కంపెనీ నేరుగా మాకే ఆర్డరు ఇచ్చింది. నందిపేట్, కమ్మర్‌పల్లి వైపు రైతుల దగ్గర కొన్న కొమ్ము పసుపును పాలిష్ పట్టించి, సంచులు కుట్టించి, గోదాములో వరుసలు పేర్పించాం. ఓడ బయలుదేరే తేదీ ఖరారైంది. అయితే సరుకు కదలక ముందు, కొనేవారికీ అమ్మేవారికీ చెందని మూడో పక్షం పరిశీలకులు వచ్చి, తమకు తోచిన సంచులను ఎంచుకొని, ఇనుప గొట్టం గుచ్చి నమూనాలు తీసి, సీలు వేసుకొని వెళ్లాలి. తేమ, రంగు, పసుపు విలువను నిర్ణయించే కర్క్యుమిన్ శాతం వారి ప్రయోగశాల తేలుస్తుంది. ఆ పరిశీలన అనుకున్న రోజున జరగకపోతే వారికి మళ్లీ తీరిక దొరికేలోగా ఓడ వెళ్లిపోతుంది. ఓడ తప్పితే ఆర్డరు రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉందని ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంది.

పరిశీలన సంస్థ పంపిన నిబంధనలు మూడు పేజీలు. వాటిలో రెండు మా కథకు ముఖ్యం. అమ్మకందారు అద్దె కారును, హోటల్‌ను బుక్ చేయవచ్చు గాని, కారు అమ్మకందారుది కాకూడదు, అమ్మకందారు తరఫు మనిషి నమూనాలకు సీలు పడేదాకా గోదాము బయట ఎక్కడా పరిశీలకులతో మాట్లాడకూడదు. ఇది మొదటిది. విమానం దిగిన చోట అరగంట చూసినా కారు కనిపించకపోతే, పరిశీలకులు తమ కార్యాలయానికి తెలిపి పరిశీలనను వాయిదా వేసుకోవాలి. ఇది రెండోది.

మొదటి నిబంధన చదివి వినిపించినప్పుడు మా యజమాని లక్ష్మీనారాయణ సేటుకు మింగుడు పడలేదు. ఆయనది మూడు తరాలుగా పసుపు అడ్తి, అంటే కమీషన్ వ్యాపారం, నడిపిన కుటుంబం. కొనడానికి బయటి ఊరి నుంచి మనిషి వస్తున్నాడంటే ఎదురు వెళ్లి తీసుకురావడం ఆర్మూర్ వ్యాపారుల పద్ధతి. అందులో మర్యాద ఎంత ఉందో భయమూ అంతే ఉంది. మనం వెళ్లకపోతే పక్క దుకాణం వాళ్లు వెళ్లి, చాయ్ తాగించి, తమ గద్దె మీద కూర్చోబెట్టుకుంటారు.

"మన పనికొచ్చే మనిషి, గట్ల ఎవలో లేనట్టు కిరాయి కార్ల వస్తదా? నేను పోయి దండం గూడ పెట్టొద్దా?" అని అడిగారు.

పెట్టకూడదని చెప్పాను.

"నీళ్లు ఇయ్యొచ్చా?"

కారులో కంపెనీ వాళ్లే సీసా పెడతారన్నాను. ఆయన కాసేపు తలపాగా సర్దుకొని, "సరే తియ్. నువ్వు సద్వుకున్నోనివి, నువ్వు చెప్పినట్టే," అన్నారు. ఆ మాటను నేను నమ్మాను.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవారిలో నేనే మొదటివాణ్ణి. అందువల్ల బ్యాంకు దరఖాస్తు నుంచి దవాఖాన చీటీ దాకా మా బంధువర్గంలో ఏ ఫారం వచ్చినా నా ముందుకే వచ్చేది. ఫారం నింపడంలో నన్ను వేలెత్తి చూపినవారు అంతవరకు లేరు. ప్రైవేటు కారు బుకింగ్ ఫారం కూడా అలాగే రెండుసార్లు చదివాను. మామూలు ట్యాక్సీకి, దీనికి తేడా ఉంది. డ్రైవరు బయట పార్కింగ్‌లో ఉండడు. ప్రయాణికులు బయటికి వచ్చే ద్వారం దగ్గర, కంపెనీ అచ్చువేసి ఇచ్చిన పేరు బోర్డు పట్టుకొని నిలబడతాడు. విమానం నంబరు ఇస్తే, అది ముందు దిగినా ఆలస్యమైనా కంపెనీయే గమనించి కారు సమయం మార్చుకుంటుంది. ఇవ్వకపోతే మనం చెప్పిన సమయానికి వచ్చి, గంట చూసి వెళ్లిపోతుంది.

తెలిసి చేసిన పొరపాటు ఇక్కడే జరిగింది. తెలిసి అని ఎందుకంటున్నానంటే, నేను మరచిపోయి ఏ గడినీ వదిలిపెట్టలేదు. పసుపు వ్యాపారంలో బయటి పార్టీ ఎవరు, ఎప్పుడు వస్తున్నారు అన్నది దుకాణం గడప దాటకూడదు. ముప్పై ఏళ్లుగా నేను డైరీలో సైతం పేరు రాయకుండా 'పార్టీ' అని మాత్రమే రాసేవాణ్ణి. ఆ అలవాటుకొద్దీ, ప్రయాణికుల పేరు అన్న గడిలో పరిశీలకురాలు సూసన్ గారి పేరు రాయడానికి చేయి రాలేదు. హైదరాబాద్‌లోని కారు కంపెనీకి ఆర్మూర్ వ్యాపారులతో ఏ సంబంధమూ లేదని బుద్ధికి తెలుసు. అయినా నా పేరే రాశాను. విమానం నంబరు తప్పనిసరి కాదని ఉంటే ఖాళీగా వదిలాను. ఫోన్ నంబరు నాదే ఇచ్చాను. అంతా గోప్యంగా ఉందని తృప్తిపడి, 'మీ పేరు గల బోర్డుతో డ్రైవరు ద్వారం వద్ద ఉంటారు' అని కంపెనీ వాక్యాన్ని యథాతథంగా సూసన్ గారికి పంపాను. ఫారంలో ఉన్న నా పేరుకూ, ఆ వాక్యంలోని 'మీ పేరు'కూ పొంతన లేదన్న సంగతి నాకు తట్టలేదు.

ఆమె వచ్చే రోజు కారును పన్నెండు గంటలకు రమ్మన్నాను. సేటు పొద్దున్నే కమ్మర్‌పల్లిలో ఒక రైతు సరుకు చూడటానికి వెళ్లారని దుకాణంలో చెప్పారు. పన్నెండుంబావుకు ఆయన దగ్గర నుంచే ఫోన్ వచ్చింది.

"గంగాధర్, యాడున్నవ్?"

"ఆఫీసులనే ఉన్న సేటూ."

"అబద్ధమాడకు. నువ్వెప్పుడు ఇమానం ఎక్కినవ్?"

నాకు అర్థం కాలేదు. "ఏంది సేటూ?"

"గీడ ఒకాయన నీ పేరు పట్టుకొని నిలవడ్డడు. మిస్టర్ గంగాధర్, ఆర్మూర్ అని రాసుంది. మా కారు నడిపే అంజయ్య సదివి చెప్పిండు. నాకు చెప్పకుంట కొచ్చి పోయినవా, యాడికి పోయినవ్?"

ఆ ఒక్క మాటతో నాకు రెండు విషయాలు తెలిశాయి. సేటు కమ్మర్‌పల్లిలో లేరు, శంషాబాద్‌లో ఉన్నారు. బోర్డు మీద నా పేరుంది. నేను ఆయన్ను పట్టుకున్నాను, ఆయన నన్ను పట్టుకున్నారు. ఎవరు ముందు సంజాయిషీ ఇవ్వాలో తేలలేదు.

చివరికి సేటే అన్నారు: "నేను మాట్లాడనీకి రాలే. కారు వచ్చిందా లేదా అని దూరంకెళ్లి చూసి పోదామని వచ్చిన. మనసు ఒప్పలే."

అంతలో మరో ఫోన్ వచ్చింది. డ్రైవరు.

"గంగాధర్ సారేనా? యాడున్నరు సార్, దిగిన్రా?"

"నేను ఆర్మూర్‌ల ఉన్న."

"మరి నేను ఎవలిని ఎక్కించుకోవాలె సార్?"

న్యాయమైన ప్రశ్న. సమాధానం చెప్పడానికి అప్పుడు కూడా నేను ఒక క్షణం తటపటాయించానని ఒప్పుకోవాలి. ఆ తర్వాత పేరు చెప్పి, బోర్డు వెనక వైపు పెద్ద అక్షరాలతో రాయమన్నాను. దేనితో రాయాలని అడిగాడు. అతని దగ్గర ఉన్నది సన్నటి పెన్ను. దానితో రాస్తే రెండడుగుల దూరం నుంచి కూడా కనిపించదు. విమానం నలభై నిమిషాలు ఆలస్యమని తెరమీద వచ్చిందట. నేను నంబరు ఇవ్వలేదు కనుక కంపెనీ లెక్క ప్రకారం అతను ఒంటిగంట వరకే ఉంటాడు, ఆ తర్వాత అతనికి ఇంకో బుకింగ్ ఉంది. మాట్లాడకూడదు కనుక సూసన్ గారికి సందేశం పంపితే చేరలేదు, ఆమె ఫోన్ స్విచాఫ్.

అడ్తి వ్యాపారి జేబులో డబ్బులు లేకపోవచ్చు గాని సంచుల మీద గుర్తులు వేసే మార్కర్ లేకుండా ఉండదు. సేటుకు మళ్లీ ఫోన్ చేసి, మార్కర్‌ను అంజయ్య చేత డ్రైవరుకు ఇప్పించమన్నాను. ఇది నిబంధనకు విరుద్ధమా అని ఆలోచించాను. డ్రైవరు పరిశీలకుడు కాదు కనుక కాదని నిర్ణయించుకున్నాను. అక్షరాలు ఒక్కొక్కటిగా డ్రైవరుకు ఫోన్‌లో చెప్పాను.

ఒంటిగంటకు ఎనిమిది నిమిషాల ముందు సేటు ఫోన్ చేశారు. గొంతు తగ్గించారు.

"ఒకామె వచ్చింది. పెట్టె మీద మన పరీచ్చ కంపెనీ ముద్ర ఉంది. బోర్డులన్నీ చూసుకుంట నా ముంగటికెళ్లే పోతున్నది. మనోడు ఆ కొసకు నిలవడ్డడు, ఆమె చూస్తలేదు. జర చెయ్యి ఊపుదునా?"

"వద్దు సేటూ. అటు తిరిగి నిలవడుండ్రి."

"గోడ దిక్కు తిరిగిన. ఇగ ఎవలన్న చూస్తే ఈ ముసలాయనకు ఏమైంది అనుకుంటరు." మళ్లీ కొంతసేపటికి: "మల్ల ఎనుకకు వచ్చింది. గీడనే, నాలుగడుగుల దూరంల ఉంది. గంగాధర్, నేను గిట్ల నా జిందగీల ఎన్నడు చెయ్యలే."

నేను డ్రైవరుకు ఫోన్ చేసి, ఉన్నచోటు వదిలి మధ్యలోకి రమ్మన్నాను. వచ్చాడు. ఒంటిగంటకు రెండు నిమిషాల ముందు ప్రయాణికురాలు ఎక్కారని అతని నుంచి సందేశం వచ్చింది. నేను లేచి రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

సాయంత్రం సేటు ఆర్మూర్ చేరేసరికి నేను సూసన్ గారికి ఇవ్వవలసిన ఉత్తరం తయారుచేసి ఉంచాను. బుకింగ్‌లో జరిగిన పొరపాటు, మా యజమాని విమానాశ్రయంలో ఉండటం, మార్కర్ ఇవ్వడం, మాట్లాడకపోవడం, అన్నీ సమయాలతో సహా రాశాను. సేటు అది విని నన్ను వింతగా చూశారు.

"ఎవలడిగిన్రు? ఎవలు చూసిన్రు? నువ్వే పోయి, మా సేటు వచ్చిండు, కాగితం తీసుకోండ్రి అంటవా? ఆర్డరు పోతె?"

పోవచ్చు అని చెప్పాను. పరిశీలకుల పని అనుమానించడం. వారికి మన పత్రాల్లో లేని సంగతి ఒకటి దొరికితే, పత్రాల్లో ఉన్న సంగతులను కూడా నమ్మరు. మన సరుకు బాగున్నదని రాసే కలం కూడా ఆ చేతిలోదే. ఇంతకన్నా బాగా నేను చెప్పలేకపోయాను. సేటు ఉత్తరాన్ని చేతిలోకి తీసుకున్నారు. తర్వాత, "నేను మాట్లాడలేదన్నది పెద్దగ రాసినవా?" అని మాత్రం అడిగారు. రాశానన్నాను. సంతకం పెట్టారు.

మర్నాడు ఉదయం సూసన్ గారు అద్దె కారులో గోదాముకు వచ్చారు. యాభై దాటిన వయసు, నూలు చీర, చేతిలో గట్టి అట్ట నోటుబుక్కు. పని మొదలుపెట్టక ముందే ఉత్తరం అందించాను. నిలబడే మొత్తం చదివారు. మా ఇద్దరి ముఖాలూ చూడలేదు. నోటుబుక్కు తెరిచి, ముందురోజు పేజీ నా వైపు తిప్పారు. కారు ఎక్కిన సమయం, దాని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉన్నాయి: 'తలపాగా ధరించిన పెద్దాయన, పసుపు అంటిన చేతివేళ్లు, నన్ను చూసి గోడవైపు తిరిగారు, డ్రైవరు మార్కర్‌ను ఆయన మనిషికి తిరిగి ఇచ్చాడు.' ఉత్తరం రాకపోతే ఏం చేసేవారని నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేకుండా ఆమే చెప్పారు. సంచులు ముట్టుకోకుండా కొచ్చికి వెళ్లిపోయేదాన్నని అన్నారు.

ఉత్తరాన్ని నోటుబుక్కులో పెట్టుకొని, సేటును తన హిందీలో ఒకే ప్రశ్న అడిగారు: అంత దూరం వచ్చి ఒక్క మాటైనా ఎందుకు మాట్లాడలేదని. సేటు, "మాట్లాడితె నా పసుపు పోతుండె అమ్మా," అన్నారు. నేను అనువదించాను. ఆమె తల ఊపి, అరవై మూడో నంబరు సంచి దించమన్నారు.

పరిశీలన నివేదికలో మా మీద చిన్నపాటి లోపంగా ఆ విషయం నమోదైంది. 'అమ్మకందారు స్వయంగా తెలియజేశారు' అన్న మాట దాని పక్కనే ఉంది. సరుకు మూడు పరీక్షల్లోనూ నిలిచి, అనుకున్న ఓడలోనే వెళ్లింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి ఆ రెండు రోజులు నేర్పినది చెబుతాను. గోప్యత అనేది ఎవరి నుంచి దాచాలో తెలిసినప్పుడే ఉపయోగపడుతుంది; పని చేసిపెట్టేవారి నుంచి కూడా దాస్తే ఆ పనే ఆగిపోతుంది. ఇక పొరపాటు జరిగిన తర్వాత చూసుకోవలసింది, అది ఎదుటివారి పుస్తకంలో ఎలా ఉందో మన కాగితంలోనూ అలాగే ఉందా అని. ఆమె పుస్తకంలో ఆ వాక్యం ఉన్న సంగతి ఉత్తరం రాసేటప్పుడు నాకు తెలియదు. తెలియనప్పుడు రాసినందువల్లనే అది పనికొచ్చింది.