చక్రం కింద చెక్క

“నా కాళ్ళకేసి చూడకు మబియాలా. వాటికి రిపేరు లేదని నేను నడక నేర్వకముందే తేల్చేశారు. నువ్వు చూడాల్సింది ఇరుసు.”

మబియాలా నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని నవ్వాడు. అతని వెల్డింగ్ కొట్టు ముందు, ఖాళీ బీరు సీసాల పెట్టె బోర్లించి దానిమీద కూర్చుంది మతోండో. పోలియోకి చిక్కిపోయిన కాళ్ళ మీద పూల గుడ్డ కప్పుకుంది. భుజాలు మాత్రం బస్తాలు మోసేవాళ్ళ భుజాలే. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద కిన్షాసా వీధులన్నీ తిరిగి తిరిగి అలా తయారయ్యాయి. ఇప్పుడా బండి ఆమె పక్కనే, జబ్బుచేసిన మేకలా ఒరిగి పడుకుని ఉంది. వెనక ఇరుసు వంగిపోయింది.

“రాయి తగిలిందా యాయా?”

రేవులో చిన్నా పెద్దా అందరికీ ఆమె యాయాయే. అక్క అన్నమాట.

“రాయి అయితే తిట్టి ఊరుకుందును. మనుషులు తగిలారు.”

సంగతి ముక్కలు ముక్కలుగా మబియాలా చెవిన పడకపోలేదు. బజారంతా అదే మాట. కానీ బజారు చెప్పేది వేరు, ఆమె నోట వినడం వేరు. వెల్డింగ్ చేస్తూ వింటే నిప్పురవ్వల చప్పుడులో సగం మాట కొట్టుకుపోతుందని కడ్డీ కింద పెట్టి, గొంతుక్కూర్చున్నాడు.

“ఎక్సోసే నీకు తెలుసుగా?”

తెలియకేం. ఏళ్ళ తరబడి ఆమె బండి వెనక నిలబడి తోసే మనిషి. సన్నటి జడలు, చెవికి పోగు, ఎప్పుడూ ఏదో కూనిరాగం. అతను తోస్తే ఎంత ఎత్తయినా బండి మీది సామాను కుదుపుకి కదలదు.

“వాడు ఇంకో మగాడితో కాపురం ఉంటున్నాడని పుకారు కదా...” అని మబియాలా గొంతు తగ్గించాడు.

“గొంతు ఎందుకు తగ్గిస్తావు? పుకారేంటి, ఉంటున్నాడు. వాళ్ళింట్లో నేను కసావా ఆకు కూర తిన్నాను. ఆ రెండోవాడు ఉప్పు దండిగా వేస్తాడు. వాళ్ళ కాపురంలో నాకు కనబడ్డ దోషం అదొక్కటే.”

మబియాలా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

“శనివారం మా అవిటి బండివాళ్ళ సంఘంలో బొలెకో లేచాడు. లేచాడంటే, చంకకర్రల మీద నిలబడ్డాడు. సంఘం పెద్ద కదా, నిలబడి చెబితేగాని మాటకి బరువు రాదనుకుంటాడు. ‘యాయా, నీ బండి తోసేవాడి వల్ల మనందరికీ చెడ్డపేరు. చర్చిలో అంటున్నారు, పడవవాళ్ళూ అంటున్నారు. అసలే మనల్ని చూస్తే మొహం తిప్పుకునే ఊరు. ఈ మచ్చ కూడా మనకెందుకు? వాడు పడవెక్కే చప్టా మీద అడుగుపెడితే పడవలో నీ చోటు పోయినట్టే’ అన్నాడు.”

పడవలో చోటు పోవడమంటే ఏమిటో మబియాలాకి చెప్పక్కర్లేదు. నది అవతలి ఒడ్డున బ్రజావిల్, వేరే దేశం. ఇక్కడి సబ్బులూ బట్టలూ అక్కడికీ, అక్కడి సరుకు ఇక్కడికీ చేరవేస్తేనే బండివాళ్ళ పొయ్యి వెలుగుతుంది. మతోండో కూతుళ్ళిద్దర్నీ చదివించింది ఆ నదే.

“మరి నువ్వేమన్నావు?”

“ఏమంటాను! ‘ఒరేయ్ బొలెకో, మనం మొదటిసారి ఆ రేవుకెళ్ళినప్పుడు పడవవాడు ఏమన్నాడో మర్చిపోయావా? ఈ పాకేవాళ్ళకి దయ్యం పట్టింది, ఎక్కించుకుంటే పడవ మునుగుతుందన్నాడు. చిన్నప్పుడు మా పాస్టరు నా మోకాళ్ళ మీద నూనె పోసి, దయ్యమా పో పో అని గొంతు చించుకున్నాడు. దయ్యం పోలేదు, ఉన్న ఒక్క గౌనుకీ నూనె మరక మిగిలింది. ఇప్పుడదే నూనె ఎక్సోసే నెత్తిన పోద్దామంటావా? మచ్చ అన్నది ఊరు మనకి పెట్టిన పేరురా. నీ మెడలోది తీసి ఇంకొకడి మెడలో వేస్తే నువ్వు తెల్లబడిపోతావా?’ అన్నాను.”

“బాగా అన్నావు.”

“బాగా అన్నాననే అందరూ అన్నారు. నా వైపు చెయ్యి మాత్రం ఒక్కడూ ఎత్తలేదు.”

మతోండో ఒళ్ళో ఉన్న చెక్కముక్కని తిప్పుతూ ఉంది. అరచేతి వెడల్పున్న గట్టి చెక్క, ఒక పక్క పలచగా చెక్కింది, తాడు కట్టి ఉంది. ఇలాంటిది ప్రతి బండి సీటు కిందా వేలాడుతుంది. పడవలోకి ఎక్కే ఇనప చప్టా ఇరుకు. వానలకి నది నిండి పడవ ఎత్తుగా నిలిచే రోజుల్లో నిటారు కూడాను. ముందు బండి ఆగిందంటే వెనకవాళ్ళు ఆలోచించరు, చెయ్యి దానంతటదే పోయి చక్రం కింద చెక్క పెడుతుంది. లేకపోతే బళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ నదిలోకే.

ఆ చెక్కకి ఇంకో కథ ఉంది. సంఘం కొత్తలో రేవు కాపలావాళ్ళు ఒక గుడ్డివాడి మూట లాక్కున్నారు. ముందున్న బండి ఆగింది, చెక్క పెట్టింది. వెనకున్న ప్రతి బండీ పెట్టింది. మూట తిరిగొచ్చేదాకా పడవ కదల్లేదు. ఆ రోజు నుంచీ అదే కట్టుబాటు: ముందువాడు చెక్క పెట్టాక వెనకవాడూ పెడితే అతనితో పాటు ఆగినట్టే. అతను తీసేదాకా ఎవరూ తీయకూడదు. ఒకరి చెక్కని ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆ రోజు ముందున్న బండి మతోండోది. కట్టుబాటుని మాటల్లో పెట్టినవాడు బొలెకో.

“సోమవారం పొద్దున ఎక్సోసేని వెంటబెట్టుకునే వెళ్ళాను. వాడు వద్దు యాయా, వద్దు యాయా అంటూనే ఉన్నాడు. తొయ్యి అన్నాను. సగం చప్టా ఎక్కాం. వెనక బొలెకో బండి. వాడి మనుషులిద్దరు పక్కనుంచి వచ్చి ‘ఆడంగి వెధవా, దిగు’ అని ఎక్సోసే చొక్కా పట్టుకుని లాగారు. బండి నిండా సబ్బులూ బట్టల మూటలూ. వెనక్కి జారడం మొదలెట్టింది. నా చెయ్యి చెక్క వెతుక్కునేలోపు ఎక్సోసే తన కాలు పెట్టేశాడు, చక్రం కింద.”

మబియాలా పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చాడు.

“టక్కుమంది. ఇరుసు విరిగిందనుకున్నాను. ఇరుసు కాదు. వాడు అరవను కూడా లేదు. ‘యాయా, చెక్క’ అన్నాడు అంతే. చెక్క పెట్టాను. వాడి కాలు బయటికి తీశారు, వాళ్ళాయన వచ్చి వీపున వేసుకుని తీసుకెళ్ళాడు. పోతుంటే ఎవరో ఈల వేశారు. ఆ ఈల విన్నాక ఇంక నేను కదలదల్చుకోలేదు.”

“ఒక్కదానివే?”

అప్పుడు నవ్వింది మతోండో, ఆ మధ్యాహ్నం మొదటిసారి.

“అక్కడే ఉంది సంగతి. నా బండి ఆగగానే వెనక బొలెకో చెయ్యి ఊరుకుంటుందా? ఇన్నేళ్ళ అలవాటు! పెట్టేశాడు చెక్క. వాడి వెనకవాళ్ళు టక్, టక్, టక్. రేవు దాకా వరసంతా. కాసేపు ఎవరికీ ఏం జరిగిందో తెలీలేదు. తర్వాత వెనకనుంచి ఎవరో, ‘అరెరే, బొలెకో అన్న కూడా యాయాతో ఆగాడ్రోయ్!’ అని కేకేశారు. బొలెకో తన చెయ్యి తనది కానట్టు చూసుకున్నాడు.”

“తీసెయ్యొచ్చుగా?”

“తీస్తే కట్టుబాటు తప్పినట్టు. తియ్యకపోతే ఎక్సోసే కోసం ఆగినట్టు. పడవవాడు కూత మీద కూత వేస్తున్నాడు. ‘యాయా, చెక్క తియ్యి’ అంటాడు. ‘నువ్వు తియ్యి ముందు’ అంటాను. ‘నేనెలా తీస్తాను!’ అంటాడు. ‘ఏం, ఎవరు పెట్టారు ఆ కట్టుబాటు?’ అంటాను. ఎండ ఎక్కేకొద్దీ వాడి మొహం ఉడికించిన అరటికాయలా అయిపోయింది. ఆఖరికి, ‘సరే, శుక్రవారం మళ్ళీ కూర్చుందాం. అతన్నీ రమ్మను. అతని మాట విన్నాకే తేలుద్దాం’ అన్నాడు. అందరూ వినేట్టు మళ్ళీ చెప్పమన్నాను. చెప్పాడు. అప్పుడు తీశాను.”

“మరి ఇరుసు?”

“మేం తోస్తాం, మేం తోస్తాం అని వచ్చారు నలుగురు, చొక్కా లాగినవాళ్ళతో సహా. అక్కర్లేదన్నాను. ఒక్కదాన్నే ఎక్కబోయాను, బండి చప్టా పక్క కమ్మీకి కొట్టుకుంది. పొగరుకి ఆ మాత్రం ఖర్చు ఉంటుందిలే. నువ్వు పని కానియ్యి.”

మబియాలా అద్దాలు దించుకున్నాడు. ఇరుసుని కాల్చి, సుత్తితో సరిచేసి, పగిలినచోట అతుకు వేశాడు. బండిని లేపి నిలబెట్టి, చక్రం తిప్పి చూశాడు. ఊగకుండా తిరిగింది.

“రేపే కదా శుక్రవారం. వస్తాడా మరి?”

“రానంటున్నాడు. గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు, కాలికి కట్టుతో. గది అద్దెకిచ్చినాయన ఖాళీ చెయ్యమన్నాడట. ‘నా వల్ల నీ చోటు పోతుంది యాయా, వేరేవాళ్ళని చూసుకో’ అని కబురు పంపాడు. వాడు రేపు రాకపోతే బొలెకో బతికిపోతాడు. ‘రమ్మన్నాం, రాలేదు’ అంటాడు. అంతటితో సరి.”

మబియాలా చేతులు తుడుచుకుని, ఆమెను ఎత్తి సీటులో కూర్చోబెట్టడానికి వంగాడు. మతోండో చేతులు చాచలేదు.

“నన్ను కాదు. బండి తీసుకుని వాడి గదికి పో. వాణ్ణి నా సీటులో కూర్చోబెట్టి తోసుకురా.”

“ఇప్పుడా? పట్టపగలు?”

“ఇప్పుడే. ఈ రాత్రికి మా ఇంట్లో ఉంటాడు, ఆ ఉప్పుచేతివాణ్ణి కూడా రమ్మను. రేపు ముగ్గురం కలిసే వెళ్తాం.”

మబియాలా వీధికేసి చూశాడు. ఎదురుగా టైర్లవాడు, పక్కన జడలు అల్లే ఆడవాళ్ళు, మూలన చర్చి. అందరూ అతని ఖాతాదార్లే. “వెనక సందులో నుంచి వస్తే దగ్గర కదా యాయా...”

“దగ్గరే. అందుకే వద్దు. పెద్ద బజారు మీదుగా రా. చర్చి ముందు ఎత్తు దగ్గర ఊపిరందకపోతే ఆగు, సిగ్గేం లేదు. కానీ ఆగినచోట ఇది పెట్టు.”

ఒళ్ళో ఉన్న చెక్కని తీసి అతని చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళలో దాన్ని వేరే చెయ్యి ముట్టుకోవడం అతను చూడలేదు.

“నువ్వొచ్చేదాకా ఇక్కడే ఉంటాను. బండి లేకుండా ఎక్కడికి పోతాను? వెళ్ళు మబియాలా, పొద్దుండగానే తీసుకురా. అందరికీ కనపడాలి.”