బడి మూసిన తీరు

మా వీధి చివర కొత్త అపార్ట్‌మెంటుకు బండలు కోస్తున్నారు. ఆ మిషను గీపెట్టినప్పుడల్లా తెల్లటి దుమ్ము లేచి వంటింటి కిటికీ మీద పేరుకుంటోంది. వేలితో తుడిస్తే గరుకుగా తగులుతుంది. ఆ గరుకు తగిలితే చాలు, నాకు శకుంతల మేడం గుర్తుకొస్తారు. మా బడి నడిచిన ఆఖరి నెలల్లో పక్క స్థలంలో కట్టడం మొదలై, బెంచీల మీద రోజూ ఇదే దుమ్ము. ఆవిడ పొద్దున్నే వచ్చి తడిగుడ్డతో తుడిచి పిల్లల్ని కూర్చోబెట్టేవారు.

నాచారంలో మాది ఏడో తరగతి వరకున్న చిన్న ప్రైవేటు బడి. బాలయ్య అనే ఆయన పాత పెంకుటింట్లోనూ, దాని వెనక వేసిన రేకుల గదుల్లోనూ నడిచేది. జిల్లాల నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసుకునేవాళ్ల పిల్లలే ఎక్కువ. మేమూ అలా వచ్చినవాళ్లమే. నా భర్త మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిలో చేరాడు. నన్ను మేడం మూడో తరగతికి టీచరుగా పెట్టుకున్నారు. భర్త పోయాక ఆ బడి పెట్టి, దాన్నే బతుకు చేసుకున్న మనిషి ఆవిడ. మొదటి రోజు నాకు ఒకే మాట చెప్పారు: “పిల్లగాడు బడికి రాకుంటే సాయంత్రం వాళ్లింటికి పోయి రావాలె సరితా. ఎందుకు రాలేదని అడుగకు. ఎట్లున్నడని అడుగు.”

ఆ రోజుల్లో ఉప్పల్ చుట్టుపక్కల ఎవరి నోట విన్నా భూమి మాటే. వరంగల్ రోడ్డు పొడవునా పొలాల్లో ప్లాట్ల హద్దులకు రంగు రాళ్లు మొలిచాయి. మెట్రో వస్తుందన్నారు. బాలయ్య స్థలం కోసం ఒక బిల్డరు తిరగడం మొదలుపెట్టాడు. అంతలో రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకుంది. తెలంగాణ వస్తే రేట్లు పడిపోతాయని కొందరు, రెట్టింపవుతాయని కొందరు. ఎటూ తేల్చుకోలేక బిల్డరు వెనక్కి తగ్గాడు. “అమ్మకాలు ఆగినయని అందరు మొత్తుకుంటున్నరు. మనకైతే జర ఊపిరాడుతున్నది” అని మేడం నవ్వారు. బందులతో పాఠాలు వెనకబడ్డా, మా బడి మాత్రం నిలిచింది.

రాష్ట్రం ఖాయమని తేలగానే బిల్డరు మళ్లీ వచ్చాడు. ఆ సాయంత్రం బాలయ్య ఆఫీసు గదిలో తలవంచుకుని కూర్చున్నాడు.

“టీచరమ్మా, నాకు నలుగురు కొడుకులు. భూములన్ని పోయి గీ ఇల్లొక్కటే మిగిలింది. తలా ఒక ఫ్లాటిస్తనంటుండు. గిప్పుడు కాదంటే మళ్ల వస్తడో, రాడో.”

మేడం గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. “పరీక్షలయ్యేదాక ఆగన్నా. నడుమ లేపితే పిల్లలు ఆగమైతరు.”

“ఆగుత. అప్పటిదాక ఒక్క పెంక గూడ ముట్టనియ్య” అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఇంకో చోటు కోసం మల్లాపూర్, కాప్రా అంతా తిరిగాం. బడి కోసమంటే ఎవరూ ఇల్లివ్వలేదు. చివరికి నారపల్లి దగ్గర ఒక వెంచరు యజమాని రమ్మన్నాడు. ప్లాట్ల మధ్య కొత్త షెడ్డు చూపించాడు.

“కిరాయి వద్దు మేడం. బడి ఉన్నదంటే ప్లాట్లు జల్ది పోతయి.”

“అన్ని పోయినంక?”

“అప్పటి సంగతి అప్పుడు సూద్దాం.”

మేడం ఆయనకు దండం పెట్టి రోడ్డు మీదికి నడిచారు. బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను. “ఊరికే ఇస్తానంటే వద్దన్నరేంది మేడం? మీ బడి, మా జీతాలు...”

“మన పిల్లలు గింత దూరం రాలేరు సరితా. వాళ్లను ఇడిసి వస్తే ఈడ వేరే పిల్లలు దొరుకుతరు. వాళ్లను గూడ ఒకనాడు గిట్లనే ఇడిసిపెట్టాలె. నాతోని కాదు.”

“మరి బడి?”

“మూసేద్దాం. మంచిగ మూసేద్దాం.”

ఉప్పల్ వచ్చేదాకా ఆవిడ కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

పరీక్షలు అయ్యాక, మూయడమంటే ఏమిటో చూశాను. ఆ ఎండల్లో ఆవిడ ఒక్కొక్క పిల్లవాణ్నీ వెంటబెట్టుకుని బడి బడికీ తిరిగి చేర్పించారు. నేనూ వెంట వెళ్లేదాన్ని. మౌనిక అనే పిల్లకు మాత్రం ఎక్కడా చోటు దొరకలేదు. దానికి నత్తి. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్ల నాన్న వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. మల్లాపూర్‌లో ఒక బడి ప్రిన్సిపాల్ నీ పేరేంటని అడిగితే పిల్ల “మౌ... మౌ...” అంటూ ఆగిపోయింది. సీట్లు లేవన్నాడాయన. మేడం మర్నాడు మళ్లీ వెళ్లారు. ఆ మర్నాడూ మౌనికనూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లి వరండాలో కూర్చున్నారు. చివరికి ఆయన విసుక్కున్నాడు.

“మీకెందుకమ్మా ఇంత పట్టుదల? ఇప్పుడు మీ బడే లేదు కదా!”

మేడం ముఖం పాలిపోయింది. కానీ గొంతు పెంచలేదు. “బడి లేదు సార్. పిల్ల ఉన్నది.”

ఆయన చేతిలోని కలం కింద పెట్టాడు. తర్వాత మౌనికను దగ్గరికి పిలిచి, పేరు చెప్పడం పూర్తయ్యేదాకా విన్నాడు. చేర్చుకుంటానన్నాడు. అప్పుడు మేడం నన్ను ముందుకు తోశారు. “టీచరు కావాలని బయట బోర్డు పెట్టిన్రు గదా, ఈమెను గూడ సూడుండ్రి. పిల్లకు ఒక్క తెలిసిన మొఖమన్న ఉంటది.”

బయటికొచ్చి నేను ఏడ్చేశాను. “ఏడుస్తె ఎట్ల? ఇంకిద్దరు పిల్లలున్నరు, నడువు” అన్నారు.

ఆఖరి పిల్లవాడు కూడా చేరాక ఆవిడ జనగామలో చెల్లెలింటికి వెళ్లిపోయారు. మళ్లీ ఎక్కడా పాఠం చెప్పలేదని విన్నాను. కొన్నేళ్లకు ఆవిడ పోయారన్న కబురు తెలిసి నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. చెల్లెలు నా పేరు విని, “మౌనిక ఎట్లున్నది? అక్క ఎప్పుడు అడుగుతుండె” అంది. మౌనిక టెన్త్ పాసైందని చెప్పాను. వినాల్సిన మనిషి లేదు.

ఇప్పుడు, మౌనికతో పాటు నేనూ చేరిన ఆ మల్లాపూర్ బడిలో అడ్మిషన్లు చూసేది నేనే. మొన్న జూన్‌లో కట్టడం పనికొచ్చిన ఒకామె కొడుకును చేయిపట్టుకుని తీసుకొచ్చింది. సీట్లు నిజంగానే నిండిపోయాయి. అదే చెప్పాను.

“మరి యాడికి పోవాలె మేడం?” అని అడిగింది.

చెప్పులేసుకున్నాను. “నడువమ్మా, నేను గూడ వస్త” అన్నాను.