న్యూజిలాండ్ ఛైర్మన్ ఇంటామె

బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక చుట్టుపక్కల ఊర్లల్ల చెరుకు తగ్గింది, బర్రెలు పెరిగినయి. దీవెన ఇంట్ల కూడా గంతే. పేడ తీసుడు, గడ్డి ఏసుడు, పాలు పిండుడు అన్నీ ఆమెవే. పెనిమిటి స్టీవెన్‌ది మాత్రం ఒక్కటే పని, ఊరి పాల సంఘానికి ఛైర్మన్‌గ ఉండుడు. చెమట పట్టని పని.

ఒక ప్రైవేటు డెయిరీవాళ్లు ఛైర్మన్లను న్యూజిలాండ్ తీస్కపోయి చూపించిండ్రు. తిరిగొచ్చిన స్టీవెన్‌కు మన బర్రె బర్రె లెక్కనే కనబడలే. చాయ హోటల్ల కూసుండి, అక్కడ సూదేసిన ఆవు పాలు పారబోస్తరని, మనకు కాయిదా లేదు కానూన్ లేదని, గందుకే మన పాలు పరాయి దేశపోడు కొనడని ఊదరగొట్టేటోడు. జిల్లా మీటింగ్‌కు పోతే, విదేశీ పాలపొడిని రానిస్తే మన రైతు బతకడని బల్ల గుద్దేటోడు. రెండు చోట్లా చప్పట్లే. ఇంట్ల తాగే చాయలకు పాలు ఏ బర్రెవో మాత్రం తెల్వది.

ఆ మోజుల్నే దీవెన వద్దన్నా ఇనక రెండు బర్రెలనమ్మి నల్లతెల్ల మచ్చల సీమావును తెచ్చిండు. మన ఎండలకు అది నాలుక బయటేసి రొప్పింది. దానికి కూలర్ పెట్టించిండు. కన్నతల్లి సాయవ్వ రేకుల కింద కొంగుతోని విసురుకుంటనే ఉన్నది.

వానలు పడంగనే ఆవుకు పొదుగు వాచింది. డాక్టర్ సూదులేసి, తను చెప్పేదాక ఆ పాలు సంఘంల పోయొద్దని గట్టిగ చెప్పిపోయిండు. పారబోద్దామని దీవెన పక్కకు పెట్టిన బకెట్‌ను స్టీవెన్ ఎత్తుకపోయి సంఘం క్యాన్ల కలిపొచ్చిండు. గంత పెద్ద క్యాన్ల గింత కలిస్తే ఎవనికి తెలుస్తదన్నడు.

తెలిసింది. ఊర్ల పాలు చల్లబెట్టే చిల్లింగ్ సెంటర్ల పరీక్ష చేస్తే మందు ఆనవాలు బయటపడ్డది. ఊరి పాలన్నీ మోరీల పారబోసిండ్రు.

సాయంత్రం సంఘం ముంగట అందరు జమైండ్రు. స్టీవెన్ లేచి, చదువు లేనోళ్లతోని గిట్లనే అయితదని, మొన్న రాములవ్వ బర్రెకు సూదేసిండ్రని అన్నడు. రాములవ్వకు మొగడు లేడు, ఆ ఒక్క బర్రె మీదనే బతుకుతది. అది గాలికుంటు రోగం రాకుండ ఏసే టీకా, పాలకేం కాదని ఆమె చెప్పబోతే ఎవలూ ఇనలే. ఆమెను సంఘంలకెల్లి తీసేద్దామని మాట లేచింది.

గోడకు ఆనుకొని నిలబడ్డ దీవెన మొగని మొఖంల సిగ్గును దేవులాడింది. దొరకలే. ఆమెకు కోపం రాలే, అసయ్యమేసింది.

"గా పాలు మా ఆవువి," అన్నది. "పారబోద్దామని పెడితే ఈయననే ఎత్తుకపోయి కలిపిండు. రాములవ్వ జోలికి పోకుండ్రి."

స్టీవెన్ నవ్వబోయిండు. ఆడోళ్లకు ఇసొంటియి తెల్వయన్నడు. ఎవలో అక్కడికక్కడనే డాక్టర్‌కు ఫోన్ కలిపిండ్రు. డాక్టర్ జరిగింది జరిగినట్టు చెప్పిండు. నవ్వు సగంల ఆగిపోయింది.

దీవెనను ఎవలూ మెచ్చుకోలే. మొగని ఇజ్జత్ తీసిందన్నరు. సాయవ్వ కొన్ని దినాలు ఆమె చేతి కూడు ముట్టలే. రాములవ్వ సుత ఎదురైతే తలొంచుకొని పోయింది. సంఘం వేరే ఛైర్మన్‌ను ఎన్నుకున్నది. స్టీవెన్ జిల్లా పట్నంల, కంఠేశ్వర్‌ల ఉండే చెల్లె ఇంటికి పోయి కూసున్నడు. అక్కడ వాచ్‌మన్‌కు న్యూజిలాండ్ ముచ్చట్లు చెప్తున్నడని ఇని, పాపం కొత్త చెవులు దొరికినయనుకున్నది దీవెన. ఈలోపు ఆవు తేరుకున్నది. దాన్ని ధర్మాబాద్ దిక్కు మరాఠీ ఆయనకమ్మి మళ్ల బర్రెను తెచ్చింది.

చివరికి పాస్టరయ్య స్టీవెన్‌ను ఎంటబెట్టుకొని వచ్చిండు. క్షమించుమని, ఎప్పటి లెక్కనే ఉండుమని ఆమెకు బుద్ధి చెప్పిండు.

"క్షమించిన అయ్యగారు," అన్నది దీవెన. "ఇంట్లకు రమ్మనుండ్రి, అన్నం పెడ్త. కాని ఇగ పాలు సంఘంకు నేనే తీస్కపోత. ఈయన చెయ్యి క్యాన్ మీద పడొద్దు."

స్టీవెన్ ఏదో అనబోయిండు. ఆమె ఇనకుంటనే బర్రె దగ్గరికి పోయి, పొదుగు కడుగుడు షురూ చేసింది.