మేడంకు మాట పడిపోయిన రోజు

నాకు మాట పడిపోయిందన్న ముచ్చట మీ దాకా వచ్చిందా? వచ్చే ఉంటది. ఏం కాలేదని నేను మొత్తుకుంటనే ఉన్న, అయినా మొన్న ఆదివారం చర్చిల నా పేరు మీద ప్రార్థన చేసిండ్రు. నేను ముందు వరుసల కూసొని నా కోసం నేనే ఆమెన్ అన్న. జర చాయ్ పొయ్యుండ్రి, అసలు సంగతి ఏందో నా నోటితోనే చెప్త. నోరైతే మంచిగనే ఉన్నది, మీరు ఫికర్ చెయ్యకుండ్రి.

నా సంగతి మీకెర్కనే. శ్రీరాంపూర్ దాటినంక ఉన్న ఊర్ల ప్రైమరీ బడిల నేను పంతులమ్మను. నేను క్లాసుల ఉన్ననా లేనా అని ఎవ్వరూ తొంగి చూసే పని లేదు, రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డోళ్ళకు గూడ నా పాఠం ఇనబడ్తది. మా హెడ్‌మాస్టర్ రాజయ్య సారైతే "మన బడికి మైకు ఇస్తమన్నరు మేడం, మీరున్నరు కదా అని వద్దన్న" అంటడు. ఆయన నాతోని ఒక ముచ్చట చెప్పాలంటే నేను మంచినీళ్ళు తాగే టైమ్ చూసుకొని చెప్తడు.

గట్లాంటి నన్ను కరీంనగర్‌ల ఐదు రోజుల ట్రైనింగ్‌కు పంపిండ్రు. ట్రైనింగ్ అంటే నాకేం కొత్త గాదు. పొద్దున సంతకం, మధ్యల చాయ్ బిస్కెట్, అన్నం తిన్నంక ఎనుక బెంచీల కునుకు. గీసారి గూడ గంతే అనుకొని ఫ్యాన్ కింద ఎనుక బెంచి చూసుకున్న. కానీ మాకు చెప్పేతందుకు వచ్చినామె మా బిడ్డంత వయసు పిల్ల. మేమంత చిన్న మేడం అనేటోళ్ళం. మెల్లగ మాట్లాడ్తది, కానీ ఎవ్వరినీ పండుకోనియ్యది. రెండో రోజు మాతోని తలా ఒక పాఠం చెప్పిచ్చి ఫోన్ల రికార్డు చేసింది. మిగతా టీచర్లు పిల్లల లెక్క ముందట కూసోవాలె. మూడో రోజు పొద్దుగాల ఎవరిది వాళ్ళకు ఇనిపిచ్చింది.

నాది పెట్టింది. గదంత నా గొంతు. "చెట్లకు వేర్లు ఎందుకుంటయి పిల్లలూ, నీళ్ళు గుంజుకునేతందుకు కదా, ఆ, వెరీ గుడ్. మరి ఆకులు ఎందుకుంటయి, తిండి తయారు చేసుకునేతందుకు కదా, ఆ, శెభాష్, కూసో."

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. తర్వాత నాకు నవ్వు రాలే. ప్రశ్న నాదే, జవాబు నాదే, వెరీ గుడ్ గూడ నాకే. పిల్లల లెక్క కూసున్న సార్లలో ఒక్కరి గొంతు గూడ ఆ రికార్డుల లేదు. గంత పెద్ద పెద్ద సార్లకే సందు దొరకకపోతే మా పిల్లల గతేంది?

చిన్న మేడం నన్ను ఏమనలే. "ప్రశ్న అడిగినంక జర ఆగి చూడుండ్రి మేడం. పిల్లలు ఆలోచన చేస్తుంటరు. మీరు ఆగితే వాళ్ళు మాట్లాడ్తరు" అన్నది. గంతే అన్నది. ఆ రోజు అన్నం సగం తిన్న. మా ఐదో తరగతిల శ్రావణి అని ఒక పిల్ల ఉన్నది. మూడో బెంచి, గోడ పక్కన. బడి తెరిచినప్పటి సంది ఆ పిల్ల గొంతు ఎట్లుంటదో నాకెర్క లేదు. హాజరు పిలిస్తే గూడ చెయ్యి లేపుతది, నోరు తెరవది. సిగ్గు పిల్ల అనుకొని ఊకున్న. సిగ్గు కాదేమో, నేనే సందు ఇయ్యలేదేమో అని గప్పుడు అనిపిచ్చింది. ఎట్లన్న చేసి ఆ పిల్లతోని మాట్లాడిపియ్యాలె అనుకున్న.

ఆఖరి రోజు చిన్న మేడం ఒక్కొక్కరిని లేపి "బడికి పోయినంక మీరు ఏం మార్చుకుంటరో ఒక్కటి చెప్పుండ్రి" అన్నది. నా వంతు వచ్చింది. నేను లేచి "ఒక్క పీరియడ్ మొత్తం నోరు తెరవ. ప్రశ్న అడుగుత, బెల్లు కొట్టేదాక ఆగుత. పిల్లలే మాట్లాడాలె" అన్న. గదంత ఘొల్లుమన్నది. కాగజ్‌నగర్ నుంచి వచ్చిన సారు ఒకాయన నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నడు. నాకు మస్తు రోషమొచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులనే ప్రాక్టీసు మొదలువెట్టిన. పక్క సీటామె ఏమడిగినా తల ఊపుకుంట పెద్దపల్లి దాక ఆగిన. పెద్దపల్లిల ఆమె తన ఆడిబిడ్డ ముచ్చట తీసింది, ఇగ నాతోని కాలే. అది లెక్కల పట్టకుండ్రి.

ఇంట్ల మా ఆయనకు గీ సంగతి చెప్పలే. చెప్తే ఆయన గూడ నవ్వుతడు. రాజయ్య సారుకు గూడ చెప్పలే. చేసి చూపిద్దామనుకున్న. అక్కడ్నే తప్పయింది.

సోమవారం, నాలుగో పీరియడ్. బోర్డు మీద చెరువు బొమ్మ గీసిన. "మన చెరువుల నీళ్ళు ఎండకాలం వచ్చేసరికి తగ్గిపోతయి కదా. ఆ నీళ్ళు ఏడికి పోతయి?" అని అడిగి నోరు మూసిన.

పిల్లలు పెన్నులు పట్టుకొని తయారుగ ఉన్నరు, నేను జవాబు చెప్తే రాసుకుందామని. నేను చెప్పలే. వాళ్ళు నన్ను చూస్తుండ్రు, నేను వాళ్ళను చూస్తున్న. "నవ్వుమొకంతోని ఆగుండ్రి, అందరి కండ్లల్ల చూడుండ్రి" అని చిన్న మేడం చెప్పింది. సరే అని నవ్విన. మీకొక సంగతి చెప్పాలె, నేను క్లాసుల నవ్వే మనిషిని కాదు. అలవాటు లేని నవ్వు, ఒక దిక్కే వచ్చింది.

లీడర్ పిల్ల రమ్య "మేడం, చెప్పుండ్రి" అన్నది. మీరే చెప్పుండ్రని చేత్తోని సైగ చేసిన. ముందు బెంచీలోళ్ళు జరంత ఎనుకకు జరిగిండ్రు. "మేడంకు ఏమో అయిందే" అని ఎవరో గుసగుసవెట్టిండ్రు. రమ్య లేచి సీదా హెడ్‌మాస్టర్ గదికి ఉరికింది.

గప్పుడే "ఏం కాలే, కూసోండ్రి" అంటే అయిపోతుండె కదా అని మీరు అడుగుతరు. నా నోటి సంగతి నాకెర్క. ఒక్క మాటకు సందిస్తే దాని ఎంబడి మిగతావన్నీ వస్తయి. పైగా ఆ కాగజ్‌నగర్ సారు కండ్లు తుడుసుకునుడు యాదికొచ్చింది. బెల్లు దాక తెరిచేదే లేదనుకున్న.

రాజయ్య సారు వచ్చిండు. "ఏమైంది మేడం?" అన్నడు. పాఠం నడుస్తున్నదని చెప్పేతందుకు బోర్డు దిక్కు వేలు చూపి నవ్విన. ఆయన బోర్డు చూసిండు, చెరువు బొమ్మ చూసిండు, మళ్ళ నన్ను చూసిండు. మొకం తెల్లవడ్డది. "మేడం, నేనెవరు? నన్ను గుర్తువట్టిండ్రా?" అన్నడు.

ఇట్ల కాదని చాక్‌పీస్ తీసి రాసి చెప్దామనుకున్న. "నేను" అని రాసిన్నో లేదో, వంట చేసే లక్ష్మక్క ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. నాకంటె పెద్దామె, చెయ్యి గట్టిది. "రాయకు బిడ్డా, ఉన్న బలం పోతది" అని రుద్దుడు మొదలువెట్టింది. పప్పుల ఏసేతందుకు కోస్తున్న ఉల్లిగడ్డ ఇంకో చేతులనే ఉన్నది, దాన్ని నా ముక్కు కాడ పెట్టింది. నా కండ్లల్ల నీళ్ళు కారినయి. అది చూసి ఆమె గూడ ఏడ్సుడు వెట్టింది. "మూతి గూడ ఒక దిక్కు పోయింది సారూ" అన్నది. సారు బోర్డు చదివి "పాపం, 'నేను' అన్న కాడికి వచ్చి ఆగింది" అన్నడు.

మూతి సక్కగ చేద్దామని ఇంకింత నవ్విన. ఇంకింత పోయింది.

ఇగ గప్పుడు మొదలైంది చూడుండ్రి మా క్లాసు. "మా తాతకు గూడ గిట్లనే అయింది, కానీ మా తాత నవ్వలే" అని ఒకలు. "మాట పోతే చెయ్యి గూడ పోతది, మేడం చెయ్యి మంచిగనే లేస్తున్నది కదా" అని ఇంకొకలు. "కాలు లేపుమందాం, గప్పుడు తెలుస్తది" అని ఎనుక నుంచి. ఒకలు చెప్తే ఇంకొకలు ఎందుకని అడుగుతుండ్రు. కాదని చెప్తుండ్రు, కారణం చూపిస్తుండ్రు. చిన్న మేడం ఐదు రోజులు మాకు చెప్పింది గిదే కదా, పిల్లలు చూడాలె, పోల్చాలె, వాదించుకోవాలె అని. అన్నీ అయితున్నయి. పాఠమే చెరువు మీద కాదు, నా మీద అయితున్నది.

అంతల గోడ పక్క నుంచి నేనెన్నడూ ఇనని గొంతు వచ్చింది. శ్రావణి లేచి నిలబడ్డది.

"సార్, మేడం పొద్దున ప్రార్థనల మంచిగనే ఉన్నది. మూడో పీరియడ్ లెక్కలు చెప్పింది, రమ్యను తిట్టింది గూడ. తర్వాత బొమ్మ గీసి, నీళ్ళు ఏడికి పోతయని అడిగింది. అడిగినంక ఆగింది. రోజు అడిగినంక ఆగది సార్."

సన్నగ, తేటగ ఉన్నది ఆ పిల్ల గొంతు. నాకు సంతోషం ఆగలే. ఉన్న నవ్వంత నవ్విన. లక్ష్మక్క కెవ్వుమన్నది. సారు ఫోన్ తీసి మా ఆయనకు చేసిండు.

మా ఆయన బొగ్గుబాయిల పని చేస్తడు. ఆ రోజు నైట్ షిఫ్ట్ దిగొచ్చి పండుకున్నడు. సారు ఫోన్ టేబుల్ మీద పెట్టి స్పీకర్ ఒత్తిండు. "అన్నా, పరేషాన్ కాకు. మేడంకు మాట పడిపోయింది" అన్నడు.

అటు దిక్కు మంచం కిర్రుమన్నది. నిద్ర గొంతుతోని "మొత్తానికే పడిపోయిందా సారూ?" అని అడిగిండు మా ఆయన.

"మొత్తానికే అన్నా. అర్ధగంట సంది ఒక్క మాట లేదు."

"అర్ధగంటనా?" లేచి కూసున్నట్టున్నడు. "నొప్పి గిట్ల ఏమన్న ఉన్నదంటనా?"

"నొప్పి ఏం లేనట్టే ఉన్నది. నవ్వుతున్నది."

"నొప్పి లేకుంటే మరి," అని మా ఆయన మెల్లగ అన్నడు, "సాయంత్రం దాక చూద్దామా సారూ?"

ఇగ నాతోని కాలే. "సాయంత్రం దాక చూస్తవా? ఇంటికొస్తున్న, నువ్వు అక్కడ్నే ఉండు" అని మొదలువెట్టిన. తర్వాత ఏమేమన్ననో నాకు యాది లేదు. పిల్లలకు యాదున్నది, వాళ్ళను అడగకుండ్రి. ఆయన అంత ఇని "మంచిగనే ఉన్నది సారూ, నేను పండుకుంట" అని ఫోన్ పెట్టేసిండు.

గప్పుడు కొట్టింది బెల్లు.

రాజయ్య సారు కుర్చీల కూలవడ్డడు. నేను ఆయనకు, లక్ష్మక్కకు ట్రైనింగ్ ముచ్చటంత మొదటి నుంచి చెప్పిన. ఎంతసేపు చెప్పిన్నంటే పప్పు చల్లారింది. "గిది ముందుగాల నాకొక మాట చెప్తే అయిపోతుండె కదా మేడం" అన్నడు సారు. "చెప్తే ఎట్ల సార్, మాట్లాడొద్దనే కదా" అన్న. ఆయన నుదురు కొట్టుకున్నడు.

పిల్లలు ప్లేట్లు పట్టుకొని అన్నానికి లైన్ల నిలబడ్డరు. నేను వరండాల మెట్ల మీద కూసున్న. మనసుల చిన్నవోయినట్టే ఉన్నది. బెల్లుకు జర ముందే ఓడిపోయిన కదా. గప్పుడు శ్రావణి లైన్లకెల్లి నా దగ్గరికొచ్చింది.

"మేడం, మీకు నిజంగ ఏం కాలేదా?"

"ఏం కాలే బిడ్డా."

"మరి ఆ నీళ్ళు ఏడికి పోతయో నాకెర్క మేడం."

"ఎర్కనా? మరి ఎందుకు చెప్పలే?"

"రోజు మీరే చెప్తరు కదా. గందుకే ఆగిన."

కరీంనగర్ దాక పోయి నేర్చుకున్నది అంత ఆ ఒక్క మాటలనే ఉన్నది. ఆ పిల్ల చెయ్యి పట్టుకొని "నువ్వు చెప్పు బిడ్డా, నేను ఇనుకుంట కూసుంట" అన్న. లైన్ల ఉన్న పిల్లలంత మా దిక్కు తిరిగిండ్రు. లక్ష్మక్క గరిటె ఆపింది. శ్రావణి చెరువు దిక్కు చూసింది, మొగులు దిక్కు చూసింది, ఊపిరి తీసుకొని నోరు తెరిచింది.

"ఆవిరై పైకి పోతయి కదా, ఆ, వెరీ గుడ్."

అది శ్రావణి అనలే. నేనే అన్న.

పిల్ల తెరిచిన నోరు మూసింది. "గదే మేడం" అని, ప్లేటు పట్టుకొని పోయి లైన్ల నిలబడ్డది.